దుకాణాలు మూయకముందే

పండుగ ఏ ఇంటిదైనా మొదట వచ్చి దిగేది బజారులోనే. గుమ్మానికి తోరణం కట్టకముందే, ఈద్‌గాహ్ నేల చదును చేయకముందే, దుకాణదారుడు సరుకు దించుకుంటాడు. బట్టల మూటలు విప్పుతాడు. గాజుల పెట్టెలు అరుగు మీద పేరుస్తాడు. కనుక ఒక ఊరు పండుగను ఎలా జరుపుకుంటుందో తెలుసుకోదలచినవారు ఆ ఊరి ప్రార్థనా స్థలాలను చూస్తే చాలదు. పండుగ ముందరి వారం ఆ ఊరి నడిబజారులో ఎవరు నడిచారో, ఎవరు నడవలేకపోయారో కూడా చూడాలి. ఈ నెల ఆ సంగతినే పాఠకుల ముందుంచదలచాము.

కామారెడ్డి జిల్లా సదాశివనగర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 44వ నంబరు జాతీయ రహదారి మీద, కామారెడ్డికి డిచ్‌పల్లికి నడుమ ఉన్న మండల కేంద్రమిది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేంతవరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది. పెద్ద నగరం కాదు, పూర్తిగా పల్లె కూడా కాదు. చుట్టుపక్కల గ్రామాలవారికి మండల కార్యాలయంతో ఎంత పనో, బజారుతోనూ అంతే పని. ఇటువంటి ఊళ్లలో హిందువులకు ఒక బజారు, ముస్లింలకు ఒక బజారు అంటూ ఉండవు. బతుకమ్మకు చీర కొన్న దుకాణంలోనే ఈద్‌కు పిల్లల బట్టలు కొంటారు. ఉగాదికి బెల్లం తూచిన త్రాసులోనే షీర్ ఖుర్మాకు ఖర్జూరం, సారపప్పు తూస్తారు.

ఈ ప్రాంతపు కుటుంబాల ఆదాయాన్ని కూడా ఒకసారి గమనించాలి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాలలో బీడీలు చుట్టి బతికే స్త్రీలు వేలాదిగా ఉన్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి వారికి కూలి చెల్లిస్తారు. గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారు కూడా ఇక్కడి ఊళ్లలో తక్కువేమీ కాదు. ఒక ఇంటికి పండుగ రావాలంటే బీడీల కూలి చేతికందాలి, మరొక ఇంటికి దుబాయి నుంచో సౌదీ నుంచో డబ్బు చేరాలి, ఇంకొక ఇంటికి వడ్లు అమ్మిన సొమ్ము రావాలి. ఈ మూడింటిలో ఏదీ లేని ఇల్లు కూడా ప్రతి వీధిలో ఉంటుంది. భర్తను కోల్పోయిన స్త్రీ, మంచం పట్టిన కూలీ, గల్ఫ్‌కు వెళ్లి అప్పుతో తిరిగి వచ్చిన యువకుడు ఆ ఇళ్లలో ఉంటారు. మా ఈ వ్యాసం ఆ ఇళ్లను గురించే.

ఒకే అమావాస్య, రెండు పంచాంగాలు

2024లో ఉగాది ఏప్రిల్ 9న రాగా, మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ ఏప్రిల్ 11న వచ్చింది. 2025లో ఉగాది మార్చి 30న, ఈద్ 31న వచ్చాయి. ఉగాది నాటి సాయంకాలమే షవ్వాల్ నెలవంక కనిపించింది. ఇది యాదృచ్ఛికమని కొందరు అనుకుంటారు. నిజానికి ఇందులో ఒక క్రమం ఉంది. తెలుగువారి చైత్ర మాసమైనా, మన షవ్వాల్ మాసమైనా లెక్కకు ఆధారం చంద్రుడే. అమావాస్య వెళ్లిన మరునాటి పాడ్యమి ఉగాది. అదే అమావాస్య తరువాత కంటికి కనిపించే తొలి నెలవంక ఈద్‌కు గుర్తు. రంజాన్ మాసం ఫాల్గుణంతో కలిసి నడిచిన సంవత్సరాలలో ఈ రెండు పండుగలు ఒకటి రెండు రోజుల తేడాతో రాక తప్పదు.

2014లోనూ ఇటువంటి కలయికే జరిగింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన ఆ సంవత్సరం అక్టోబరు 2న సద్దుల బతుకమ్మ, 3న దసరా, 6న ఈదుల్ అజ్‌హా వచ్చాయి. దసరా చాంద్రమాసపు పదవ తిథి. ఈదుల్ అజ్‌హా జుల్ హజ్ మాసపు పదవ రోజు. 2006 అక్టోబరులో దీపావళి వెళ్లిన కొద్ది రోజులకే ఈదుల్ ఫిత్ర్ వచ్చింది.

అయితే ఈ జోడీలు ఎల్లకాలం నిలవవు. పన్నెండు చాంద్రమాసాల సంవత్సరం సుమారు 354 రోజులే. తెలుగు పంచాంగం రెండున్నర, మూడేళ్లకొకసారి అధిక మాసాన్ని చేర్చుకొని పండుగలను వాటి ఋతువులలో నిలుపుకుంటుంది. అందుకే ఉగాది ఎప్పుడూ వసంతంలోనే వస్తుంది, బతుకమ్మ ఎప్పుడూ తంగేడు, గునుగు పూచే కాలంలోనే వస్తుంది. ఇస్లాం అట్లా నెలను చేర్చడాన్ని అనుమతించలేదు. పవిత్ర మాసాలను తమ సౌలభ్యం కొద్దీ వెనుకకు జరిపే అరబ్బుల ఆచారాన్ని దివ్యఖుర్ఆన్ తౌబా సూరాలో ఖండించింది. ఫలితంగా మన పండుగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో ఋతువులన్నింటినీ చుట్టి వస్తాయి. ఒకసారి ఉగాదికి, మరొకసారి దీపావళికి, ఇంకొకసారి సంక్రాంతికి మన ఈద్ పొరుగవుతుంది. ఒక్క మనిషి జీవితకాలంలోనే తన ఊరివారి పండుగలన్నింటి పక్కన తన పండుగ వచ్చి నిలవడం మనకు దక్కిన అవకాశమని మేము భావిస్తున్నాము.

దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఏడాదికి రెండు రోజులు ఆటపాటలలో గడిపేవారు. వాటికి బదులుగా అల్లాహ్ అంతకంటే మేలైన రెండు రోజులను, ఫిత్ర్‌ను, అజ్‌హాను ప్రసాదించాడని ప్రవక్త (స) వారికి తెలిపారు. మదీనావారి ఆ రెండు రోజులు నైరూజ్, మిహ్రజాన్ అని హదీసు వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. అవి వసంతానికి, శరత్తుకు సంబంధించిన పండుగలు. వాటి స్థానంలో వచ్చిన మన రెండు పండుగలలో ఒకటి ఉపవాసాల ముగింపు, రెండవది హజ్ ఆరాధనతో ముడిపడినది. రెండింటిలోనూ పేదవాడి వాటా విధిగా ఉంది. మొదటిదానిలో ఫిత్రా దానం, రెండవదానిలో ఖుర్బానీ మాంసం. ఆ వాటా అందకపోతే మన పండుగ అసంపూర్ణమే.

బజారుకో వేళ, దానానికో వేళ

ఇక అసలు విషయానికి వద్దాం. ఫిత్రా దానాన్ని ప్రజలు ఈద్ నమాజుకు బయలుదేరక ముందే చెల్లించాలని ప్రవక్త (స) ఆదేశించారు. ఇది చివరి గడువు. మనలో చాలామంది ఈ గడువునే ముహూర్తంగా చేసుకున్నాము. పండుగ ఉదయం అత్తరు పూసుకొని, పిల్లల చేతులు పట్టుకొని ఈద్‌గాహ్‌కు నడుస్తూ, దారిలో చేయి చాచినవారికి నోట్లు అందించి, విధి నెరవేరిందని తృప్తి పడుతున్నాము.

ఆ డబ్బు అందుకున్న తల్లి స్థితిని ఒకసారి ఊహించండి. అప్పటికి బట్టల దుకాణాలు మూతపడ్డాయి. రాత్రంతా మేలుకున్న వ్యాపారులు ఇళ్లకు చేరుకున్నారు. దర్జీ కత్తెర పక్కన పెట్టేశాడు. ఆమె పిల్లలు పాత బట్టలతోనే నమాజు స్థలం దగ్గర నిలబడ్డారు. మనమిచ్చిన దానం ఆమెకు మరునాటి భోజనమవుతుందేమో కానీ, ఆ రోజు పండుగ కాలేదు. ధర్మశాస్త్ర రీత్యా మన బాధ్యత తీరింది. కానీ ఆ దానం ఏ ఉద్దేశంతో విధి అయినదో ఆ ఉద్దేశం సగమే నెరవేరింది.

చిన్న ఊళ్లలో ఈ సమస్య మరింత కఠినం. నెలవంక ఇరవై తొమ్మిదవ సాయంకాలం కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. కనిపిస్తే పండుగకు మిగిలింది ఒక్క రాత్రే. మార్చి నెలలో మన ప్రాంతంలో ప్రొద్దు గ్రుంకేది ఆరున్నర ప్రాంతంలో. మగ్రిబ్ నమాజు, ఉపవాస విరమణ, నెలవంక సమాచారం రూఢి కావడం, ఇవన్నీ ముగిసేసరికి ఎనిమిది దాటుతుంది. హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టూ బజారు తెల్లవార్లూ మేలుకొని ఉంటుంది. మండల కేంద్రంలోని బజారుకు ఆ శక్తి లేదు. పైగా పక్క గ్రామంలోని స్త్రీ ఆ వేళకు ఆటో పట్టుకొని వచ్చి, కొనుక్కొని, మళ్లీ ఎట్లా వెళ్లగలదు? ఆమెకు చాంద్ రాత్ బజారు లేనట్టే. ఆమె బజారు అంతకు రెండు మూడు రోజుల ముందరి పగటివేళ. ఆ వేళకు ఆమె చేతిలో డబ్బుంటేనే ఆమెకు పండుగ.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసినది కాదు. సహాబాలు ఈద్‌కు ఒకటి రెండు రోజుల ముందే ఫిత్రా చెల్లించేవారని సహీహ్ బుఖారీలో నమోదై ఉంది. హనఫీ పండితులు రంజాన్ మాసంలో ఇంకా ముందుగా ఇచ్చినా చెల్లుతుందన్నారు. ధాన్యరూపంలోనే ఇవ్వాలని కొందరు పండితులు, వెలకట్టి డబ్బు రూపంలో ఇవ్వవచ్చని మరికొందరు అభిప్రాయపడ్డారు. ఎవరు ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తున్నా ముందుగా ఇవ్వడంలోని మేలు మాత్రం ఒక్కటే. బియ్యమో గోధుమలో ముందుగా ఇల్లు చేరితే, ఆ వారం తిండికి ఖర్చు కావలసిన బీడీ కూలి పిల్లల బట్టలకు మిగులుతుంది. ఇక జకాత్ సంగతికి వస్తే, దానిని ఇరవై ఏడవ రాత్రి వరకు ఆపి ఉంచమని ఎవరూ చెప్పలేదు. సంవత్సరం నిండిన వెంటనే చెల్లించవచ్చు. అంతకు ముందే చెల్లించడానికి కూడా అధిక సంఖ్యాకులైన పండితులు అనుమతించారు.

ముందుగా ఇస్తే పండుగ లోపే ఖర్చు చేసేస్తారని కొందరు అభ్యంతరం చెబుతారు. మేము వారిని ఒక్క ప్రశ్న అడుగుతాము. మన ఇంట పండుగ డబ్బు పండుగ లోపు కాక ఎప్పుడు ఖర్చవుతుంది? తన ఇంటి అవసరం పేద తల్లికి మనకంటే బాగా తెలుసు.

ఎంచుకునే గౌరవం

దానం ఏ రూపంలో ఇస్తున్నామన్నది కూడా ఆలోచించదగినది. ఒకే రంగు బట్ట తాను కొని, ఒకే కొలతకు కత్తిరించి పంచడం మనకు సులువు. కానీ పండుగ నాడు వీధిలో ఆ రంగు తొడుక్కున్న ప్రతి పిల్లవాడూ దానం పుచ్చుకున్నవాడని ఊరంతటికీ తెలిసిపోతుంది. పేద ఇంటి ఆడపిల్లకు కూడా ఇష్టమైన గాజుల రంగు ఒకటి ఉంటుంది. దుకాణం ముందు నిలబడి, ఇది వద్దు అది చూపించండి అని అడిగే అవకాశం ఆమెకూ కావాలి. అందుకే వీలున్నంతవరకు తల్లి చేతికే డబ్బివ్వడం మేలని మా అభిప్రాయం. ఇచ్చేటప్పుడు ఫొటోలు తీయడం, వాటిని నలుగురికి పంపడం మానుకోవాలి. రహస్యంగా పేదలకిచ్చే దానం మరింత శ్రేష్ఠమని, ఎత్తిపొడుపులతో దానాలను వ్యర్థం చేసుకోవద్దని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో మనకు బోధించింది. చేయి చాచిన స్త్రీ ముఖం ఫొన్ల నిండా తిరగడం కంటే పెద్ద ఎత్తిపొడుపు ఏముంటుంది?

పండుగలు జంటగా వచ్చిన ఏడు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. మన పక్కింట ఉగాది జరుపుకొనే కుటుంబం కూడా అదే కూలి మీద, అదే బజారు మీద ఆధారపడి ఉంటుంది. జకాత్‌కు ధర్మశాస్త్రం నిర్ణయించిన హక్కుదారులున్నారు. సాధారణ దానానికి, పొరుగువారి పట్ల సద్వర్తనకు మతభేదం లేదు. కూర వండేటప్పుడు రసం కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గమనించమని ప్రవక్త (స) అబూజర్ (ర)కు ఉపదేశించారు. ఆ ఉపదేశంలో పొరుగువాని మతం ప్రస్తావన లేదు.

బేరంలోనూ ఆరాధన ఉంది

పండుగ బజారులో దానమొక్కటే కాదు, కొనడం అమ్మడం కూడా పరీక్షే. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు ఉదారంగా మెలిగేవానిని అల్లాహ్ కరుణించాలని ప్రవక్త (స) ప్రార్థించారు. రోడ్డు పక్క బండి మీద పూలు, పండ్లు అమ్మే వృద్ధురాలితో ఐదు రూపాయల కోసం వాదించి, కామారెడ్డిలో పెద్ద దుకాణంలో రాసి ఉన్న ధర మారుమాట లేకుండా చెల్లించడం ఉదారత అనిపించుకోదు. పెద్ద కొనుగోళ్లకు పట్నం వెళ్లడం తప్పని మేము అనము. కానీ సొంత ఊరి చిన్న వ్యాపారి దగ్గర ఖర్చు చేసిన రూపాయి ఆ ఊళ్లోనే దర్జీకి, ఆటో నడిపేవానికి, పాలు పోసేవానికి చేరుతుంది.

దర్జీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. రంజాన్ మాసమంతా అతడు మిషను దగ్గరే ఉపవాసం విరమిస్తాడు. బట్టలు తీసుకొని, డబ్బు పండుగ తరువాత ఇస్తామని చెప్పి వెళ్లేవారు మనలో ఉన్నారు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించాలన్న ప్రవక్త (స) బోధ మనందరికీ కంఠస్థమే. ఇతరుల పిల్లలకు కొత్త బట్టలు కుట్టిన దర్జీ తన పిల్లలకు బట్టలు కొనలేకపోవడం మన మొండిబాకీల వలన జరగకూడదు.

వ్యాపారి వైపు కూడా బాధ్యత ఉంది. రద్దీని చూసి ధర పెంచడం, కొలతలో తగ్గించడం, పాత సరుకును కొత్తదని అంటగట్టడం వలన వచ్చే లాభంలో శుభం ఉండదు. తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే అవతరించింది.

దారికి హక్కులున్నాయి

చిన్న ఊరిలో బజారంటే దారే. పండుగ రోజులలో బండ్లు, పందిళ్లు, నిలిపిన వాహనాలు కలిసి ఆ దారిని సగానికి కుదిస్తాయి. అదే దారిలో ఆసుపత్రికి వెళ్లవలసిన గర్భిణి ఉంటుంది, పొలం నుంచి తిరిగి వచ్చే రైతు ఉంటాడు. దారులలో కూర్చోక తప్పదన్న సహచరులకు ప్రవక్త (స) దారి హక్కులను వివరించారు. చూపులు దించుకోవాలి, ఎవరికీ బాధ కలిగించకూడదు, సలాముకు బదులివ్వాలి, మంచిని పెంచి చెడును వారించాలి. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని కూడా తెలిపారు. చాంద్ రాత్ మోటారు సైకిళ్ల మీద కేకలు వేస్తూ తిరిగే మన యువకులకు తల్లిదండ్రులు ఈ హదీసులు వినిపించాలి. ఈద్ నమాజు ముగిశాక ఆ స్థలంలో కాగితం ముక్క కూడా మిగలకుండా చూడడం నమాజుకు వచ్చినవారి పనే, పంచాయతీ పారిశుధ్య కార్మికులది కాదు.

ఇద్దరి పండుగలు ఒకే దారి మీదికి వచ్చినప్పుడు ఏం చేయాలన్న దానికి మన రాష్ట్రంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 2023లో మీలాద్, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. హైదరాబాద్‌లో మీలాద్ ఊరేగింపు నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబరు 1వ తేదీకి జరుపుకొన్నారు. మీలాద్ ఊరేగింపుల విషయంలో ముస్లింలలోనే భిన్నాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు తెలుసు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. దారి ఇచ్చినంత మాత్రాన ఎవరి గౌరవమూ తగ్గలేదు. ఊరు ప్రశాంతంగా ఉంది. అదే మనం గ్రహించవలసినది.

ప్రవక్త (స) ఈద్ నమాజుకు ఒక దారిన వెళ్లి, మరొక దారిన తిరిగి వచ్చేవారు. రెండు దారులలోని ప్రజలకూ సలాము అందాలని, రెండు వైపుల ఉన్న అవసరార్థుల అక్కర తీరాలని, ఇట్లా పలు కారణాలను ఇబ్నుల్ ఖయ్యిమ్ వంటి పండితులు పేర్కొన్నారు. ఈ సున్నత్‌ను మన ఊళ్లలో పాటించడం ఎంతో సులువు. వెళ్లేటప్పుడు ప్రధాన వీధిన వెళ్లినవారు వచ్చేటప్పుడు వెనుక వాడ గుండా రావచ్చు. పొయ్యి వెలగని ఇల్లేదో అప్పుడు తెలుస్తుంది. అయితే మనం ముందుగానే మేల్కొని ఉంటే, ఆ ఉదయం అటువంటి ఇల్లు కనిపించకూడదు.

ఈ రంజాన్‌లో చేయగలిగినది

ప్రతి మసీదు కమిటీ రంజాన్ ఇరవయ్యవ తేదీకల్లా తమ వాడలోని అవసరార్థుల జాబితాను గుట్టుగా సిద్ధం చేసుకోవాలి. ఇళ్ల లోపలి స్థితి స్త్రీలకే బాగా తెలుస్తుంది కనుక ఈ పనిలో వారి సలహా తీసుకోవాలి. పక్క గ్రామాలలో ఒకటి రెండు ముస్లిం కుటుంబాలే ఉంటాయి. వారిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వారి పేర్లు మొదట రాసుకోవాలి. ఫిత్రా మొత్తాన్ని ఉలమాలు ప్రకటించిన వెంటనే కుటుంబ పెద్ద తన ఇంటి తలలు లెక్కపెట్టి ఆ మొత్తాన్ని విడిగా తీసి ఉంచాలి. ఇరవై ఎనిమిదవ ఉపవాసం నాటికల్లా అది చేరవలసిన ఇంటికి చేరాలి. పిల్లల చేతనే పంపితే మరీ మంచిది. ఇవ్వడం వారికి చిన్ననాటనే అలవాటవుతుంది.

ఇందులో ఏదీ కొత్త ఖర్చు కాదు. ఎట్లాగూ ఇవ్వవలసినదే రెండు రోజులు ముందుగా ఇస్తున్నాము. ఆ రెండు రోజుల తేడాతో ఒక తల్లి తన పిల్లల చేయి పట్టుకొని పగటి వెలుగులో, తలెత్తుకొని బజారులోకి నడిచి వెళ్లగలుగుతుంది.

మన ఉపవాసాలను, దానాలను అల్లాహ్ స్వీకరించుగాక! మన ఊళ్ల బజారులలో ఏ తల్లీ దుకాణం ముందు నుంచి చూపు తిప్పుకొని వెళ్లవలసిన అవసరం రాకుండా చేయుగాక! ఆమీన్.